సాక పోయని గ్లాసు

మా డ్యాం గెస్ట్‌హౌస్ వంటాయనను తలచుకుంటే వంట కాదు, ముంత వంచే చెయ్యి గుర్తొస్తుంది. కేతేపల్లి మనిషి. ఎంత దాహంగా ఉన్నా, ముందు నాలుగు కల్లు చుక్కలు నేలకు సాక పోసేవాడు, పోయినవాళ్ల కోసం. ఆ తర్వాతే తాగేవాడు.

ఒకసారి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఇంజనీరు తమ దేశపు ఎర్ర వైన్ సీసా తెరిచాడు. దానికి మేకమాంసం బాగా కుదురుతుందట. కారం ఎక్కువైతే వైన్ రుచి చచ్చిపోతుందట. నేను ఆ మాట తెలుగులో చెప్పాను.

"కారం లేని కూర ఎవలు తింటరు సారూ?" అని గొణుగుతూనే వంటాయన మిరియాలతో వండాడు. ఇంజనీరు మెచ్చుకుని, ఆయనకూ ఒక గ్లాసు పోసి, ముక్కతో కలిపి రుచి చూడమన్నాడు.

వంటాయన అలవాటుగా గ్లాసును నేలవైపు వంచబోయాడు. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"మా పోరడు గా డ్యాం గోడ మీదికెల్లి పడ్డనాడు బండంత గిదే రంగు సారూ. వానికి గిది ఎట్ల పొయ్యాలె?"

గ్లాసు బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాడు.

"కూరకు వైన్ కుదరలేదా?" అని ఇంజనీరు నన్నడిగాడు.

"కుదరలేదు" అన్నాను.