అరువు పిల్లలం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున్నే సూర్నారాయణ మాస్టారు ఉత్తరాదిన బారిడీహ్ అనే కార్ఖానా బస్తీలో మా క్వార్టర్ గుమ్మం ముందు నిలబడి, "ఒక్క రోజుకి మీ పాపని అరువియ్యమ్మా" అని మా అమ్మని అడిగారు.

నవ్వొస్తోంది కదూ... అప్పుడు నాకూ వచ్చింది.

డెబ్బైల చివరి మాట. మా నాన్న అక్కడి కార్ఖానాలో ఖలాసీ, బరువులెత్తే పని. బస్తీ బడిలో అన్నీ హిందీ క్లాసులే, చివర్న ఒక్కటే తెలుగు గది. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళ పిల్లలమంతా మొదట ఆ గదిలోనే, మాస్టారి దగ్గరే. కార్ఖానాలో కొత్త షెడ్లు లేచేకొద్దీ ఇంటింటా ఒకటే ఆశ... కొడుకు అప్రెంటిస్ అవ్వాలి. ఆ పరీక్షేమో తెలుగులో ఉండదాయె.

"తెలుగు సదివితే గేటు లోపలికి రానిత్తారేటి?" అన్నాడు నాన్న. తమ్ముణ్ణి పక్క వీధిలోని పెద్ద హిందీ బడిలో వేశాడు. వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి నన్నూ అక్కడే వేశాడు. నాకు మాస్టారి గదే ఇష్టం. కానీ నన్నెవరూ అడగలేదు... అడుగుతారని నేనూ అనుకోలేదు.

అలా ఇంటికొకరు జారుకోగా మాస్టారి దగ్గర తొమ్మిదిమంది మిగిలారు. సోమవారం ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. గదిలో సరిపడా పిల్లలు కనబడకపోతే తెలుగు తీసేస్తారు. అదీ సంగతి.

నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి లోపల పడుకున్నాడు. అమ్మ గొంతు తగ్గించి, "అంపుతానండి మాస్టారూ... ఆయనతో మాత్రం సెప్పకండి" అంది.

సాయంత్రం అరువు పిల్లలం ఆరుగురం పోగయ్యాం. మాస్టారు మాచేత మూడుసార్లు హాజరు పలికించారు. "పేరు పిలవగానే 'ఉన్నానండీ' అనాల. ఇంకేటీ మాటాడకండర్రా" అన్నారు.

సోమవారం అమ్మ నాకు హిందీ బడి నీలం స్కర్టు బదులు పరికిణీ కట్టి పంపింది. అదే పాత బెంచీ, దాని మీద నేను మేకుతో చెక్కిన నా పేరు... ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుండు అనిపించింది.

ఇన్‌స్పెక్టరు గారికి తెలుగు రాదు. వెనక నిలబడి తలలు లెక్కపెట్టుకుంటున్నారు. తొమ్మిదిమందీ పలికారు. తర్వాత నా పేరు.

చటుక్కున లేచి, చేతులు కట్టుకుని, "ఉపస్థిత్, శ్రీమాన్!" అన్నాను.

హిందీ బడిలో రోజూ హాజరుకి అనే మాట. దానంతటదే వచ్చేసింది. నన్ను చూసి మిగతా ఐదుగురూ అదే పలికారు... ఒకరి తర్వాత ఒకరు, గట్టిగా.

ఇన్‌స్పెక్టరు గారు దగ్గరకొచ్చి, "కౌన్ సే స్కూల్ మే పఢ్‌తీ హో, బేటీ?" అన్నారు మెల్లగా. ఏ బడిలో చదువుతున్నావమ్మా అని. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు. భోరున ఏడ్చేశాను.  ఇన్‌స్పెక్టరు గారు బల్ల మీది రిజిస్టరు మూసి, మాస్టారి చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

"నీ తప్పేటీ లేదమ్మా... రోజూ పలికిందే నోటికి వత్తాది" అన్నారు మాస్టారు. దానికంటే నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

వేసవి సెలవుల తర్వాత ఆ గదిలో హిందీ పిల్లలు కూర్చున్నారు. మాస్టారికి డ్రిల్లు పీరియడు అప్పగించారు. పంచె కట్టుకుని, ఈల నోట్లో పెట్టుకుని, మైదానంలో ఎండలో నిలబడేవారు పాపం. మేం బడికెళ్ళే దారి ఆ మైదానం గోడ పక్కనుంచే. తమ్ముడి చెయ్యి పట్టుకుని తల దించుకుని నడిచేదాన్ని.

తమ్ముడు పెద్దయ్యేసరికి కార్ఖానాలోకి మెషీన్లు వచ్చి మనుషులు తగ్గారు. వాడికి కాంట్రాక్టు పనే దొరికింది. దానికి ఏ భాషలోనూ పరీక్ష లేదు.

ఇప్పుడు నా మనవరాలిని తెలుగులో పిలిస్తే హిందీలో పలుకుతుంది. కోప్పడదామని నోరు తెరుస్తాను... ఏమని కోప్పడను? ఆ రోజు నేను చేసిందీ అదే కదా.

ఆ గదిలో కూర్చున్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే కింద ఒక్క మాట రాయండి. మాస్టారు నేర్పిన మాటే. ముందు నేనే మొదలుపెడతాను, ఇన్నేళ్ళు ఆలస్యంగా...

ఉన్నానండీ, మాస్టారూ.