దేశం కింద నడిచినవాడు

గోదావరిఖని చౌరస్తా పక్క సందులో పాత పుస్తకాల బండి పెట్టుకున్న అంజి ఆ పుస్తకం చేతికిస్తూ "ఇదే ఆఖరుది, జర పైలం" అన్నాడు. ఖాజా అప్పుడు తొమ్మిదో తరగతి. బండి మీద మిగిలిన ఆఖరు ప్రతి కాబోలు అనుకున్నాడు. ధ్వజవీర్ కథకే అది ఆఖరని అతనికి తెలియదు.

ధ్వజవీర్ హిందీ బొమ్మల పుస్తకాల్లో వీరుడు. సరిహద్దులో దెబ్బతిన్న సిపాయి. భుజం మీద మూడు రంగుల పట్టీ, నెత్తిన ఇనుప టోపీ. ఎగరలేడు, మాయమైపోలేడు. ఉన్నదల్లా ఒక్కటే శక్తి. నేలకు చెవి ఆనించాడంటే, దేశంలో ఏ మూల ఎవరు ఆపదలో పడి పిలిచినా వినబడేది. విని, లేచి, పరుగెత్తేవాడు. మోకాళ్ల మీద వంగి మట్టికి చెవి ఆనించిన ఆ ఒక్క బొమ్మను ఖాజా ఎంతసేపైనా చూస్తూ ఉండిపోయేవాడు. తర్వాత క్వార్టర్ వెనక్కి పోయి తనూ నేల మీద బోర్లా పడుకునేవాడు. ఖనిలో నేల ఊరికే ఉండదు. ఎక్కడో లోపల బొగ్గుకు మందు పేల్చిన చప్పుడు కడుపులోకి వచ్చినట్టు వచ్చేది. నాన్న అక్కడే ఉన్నాడని తెలుసు గనుక భయమూ వేసేది, ధైర్యమూ కలిగేది.

ఆ ఆఖరు పుస్తకంలో ధ్వజవీర్ శత్రువులను తరుముతూ ఒక కొండ కింది సొరంగంలోకి పోయాడు. పైకప్పు కూలింది. చివరి పేజీ అంతా నలుపు. నడుమ ఒక కన్ను మాత్రం తెల్లగా తెరుచుకుని ఉంది. కింద 'మిగతా కథ వచ్చే పుస్తకంలో' అని రాసి ఉంది. ఆ పుస్తకం రాలేదు. ఖాజా అడిగీ అడిగీ అంజిని విసిగించాడు. చివరికి అంజి, "గా బుక్కులేసే కంపెనీయే మూతవడ్డదట పిలగా, నేనేడికెళ్లి తెద్దు?" అని చేతులెత్తేశాడు.

ఏళ్లు గడిచాయి. ఖాజా నాన్న ఆరోగ్యం చెడి, డ్యూటీకి పనికిరాడని తేలాక ఆ ఉద్యోగం ఖాజాకు వచ్చింది. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. బాయిలో దిగిన మొదటి రోజు అతను వెనక్కి తిరిగి చూస్తే, పొద్దు మిరపగింజంత అయి, మరో నాలుగడుగులకు అదీ లేకుండా పోయింది.

అతన్ని అంద్రెయ అనే పెద్దమనిషి దగ్గర వేశారు. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం అంద్రెయ పని. తెల్లమీసాలు. ఎప్పుడో మందు పేలిన చప్పుడుకు కుడిచెవి పోయింది. ఏ కొత్తచోట అడుగు పెట్టినా ముందు కర్రతో పైబండను తట్టి, ఎడమచెవి పైకి తిప్పి, మెడ వంచి వినేవాడు. బండ గట్టిగా పలికితే "ఉన్నమయ్యా, నడుస్తున్నం" అని దానికి చెప్పి మరీ ముందుకు కదిలేవాడు.

తిండి వేళకు అందరూ ఒకచోట చేరి టిఫిన్లు విప్పారు. "ల్యాంపులు బందు పెట్టుండ్రి, కండ్లకు జర సుకముంటది" అన్నాడు అంద్రెయ. దీపాలారాయి. అట్లాంటి చీకటిని ఖాజా ఎన్నడూ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒక్కటే. బండ ఎక్కడో కిరకిరమంది. అతని నోట్లో ముద్ద ఆగిపోయింది.

"భయమైతుందారా?" చీకట్లోంచి అంద్రెయ గొంతు వచ్చింది.

"లేదు కాకా."

"అయితది. నాకూ అయితది. ఏదన్న మాట్లాడు. మాట్లాడేటోనికి భయం తక్కువ."

ఏం మాట్లాడాలో తోచక ఖాజా ధ్వజవీర్ కథ ఎత్తుకున్నాడు. హిందీ కథను తెలుగులో, తన చిన్ననాటి బొమ్మలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ చెప్పాడు. ఆ నల్లటి పేజీ దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇగ?" అన్నాడు ఎల్లేశం. బొగ్గు నింపే మనిషి అతను.

"ఇగ లేదు. బుక్కు బందయింది."

"బందయితే? మనిషి లోపట ఉన్నడు గదా!"

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. బండ కింద చిక్కిన మనిషిని అక్కడే వదిలేసి లేచిపోవడం బాయి మనుషులకు చేతకాదు. మర్నాడు తిండి వేళకు దీపాలారగానే అంద్రెయే అడిగాడు: "ఏమైంది ఖాజా? పైకొచ్చిండా?"

ఖాజా రాత్రంతా ఆలోచించిన ఉపాయం చెప్పాడు. ధ్వజవీర్ ఒక్క గుద్దుతో బండను పగలగొట్టి బయటపడ్డాడట. ఒక్కరూ ఒప్పుకోలేదు. "కూలిన బండను గుద్దితే ఇంకింత కూలుతది. ఎవలకు చెప్తున్నవే?" అన్నాడు జట్టులోని బిక్షం. "ఎనుకకు దారి లేకుంటే ముందటికి పోవాలె" అన్నాడు ఎల్లేశం. "పోయేముందు తట్టి చూడుమను" అన్నాడు అంద్రెయ.

అట్లా ధ్వజవీర్ బండను తట్టి చూసి ముందుకు నడిచాడు. ఆ నడక ఇక ఆగలేదు.

రోజూ తిండి వేళకు కొంచెం కొంచెంగా అతను దేశం కింద నడిచాడు. గోదావరి కిందుగా పోతుంటే చేపలు బండకు పొట్టలు రాసుకుంటున్న చప్పుడు విన్నాడు. నాగపూర్ కింద నారింజ చెట్ల వేర్లు అతని మెడకు చల్లగా తగిలాయి. ఎడారి కింద నడిచినన్నాళ్లు నెత్తిన ఇసుక జారుతూనే ఉంది. పంజాబులో గోధుమ వేర్లు చెవుల్లో గుసగుసలాడాయి. పైన రైళ్లు పోయేవి, పెళ్లి బారాత్‌లు పోయేవి, బడి గంట కొట్టగానే పిల్లలు వానలా పరుగెత్తేవాళ్లు. నేలకు చెవి ఆనించి వినే అవసరమే లేకుండా పోయింది. దేశమంతా అతని నెత్తి మీదే ఉంది. ఎక్కడ పైవాళ్ల బరువు ఎక్కువై బండ మూలిగితే అక్కడొక దిమ్మె నిలబెట్టి కదిలేవాడు. పైన నిద్రపోతున్నవాళ్లకు ఆ సంగతే తెలిసేది కాదు.

ఒక రోజు బిక్షం కొంచెం సిగ్గుపడుతూ, "మా కమాన్‌పూర్ కిందికెళ్లి పోడా?" అని అడిగాడు. మర్నాడు ధ్వజవీర్ ఆ ఊరి కిందుగా పోయాడు. ఒక ఇంట్లో ముసలావిడ రోట్లో కారం నూరుతోంది. నూరడం ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "పెద్దోడు తిన్నడో లేదో" అనుకుని మళ్లీ నూరడం మొదలుపెట్టింది. ధ్వజవీర్ ఆ కారం ఘాటుకు కింద తుమ్మాడు. అందరూ నవ్వారు. బిక్షం ఆదివారం నాడు బస్సెక్కి తల్లి దగ్గరికి పోయివచ్చాడు.

అంద్రెయ ఎన్నడూ తనకోసం ఏమీ అడగలేదు. దీపాలారగానే "ఇయ్యాల ఏడిదాక వచ్చిండు?" అనేవాడు, అంతే. అతను రిటైరయ్యే రోజు తిండి వేళకు కుర్రవాళ్లంతా, "ఖాజన్నా, ఇయ్యాలన్న ఆయన్ను పైకి తీస్కరా. కాక చూసి పోతడు" అని పట్టుబట్టారు. ఖాజా దారి తయారుచేసే ఉంచాడు. పాత బాయి ఒకటి, దానికి మెట్లు, మెట్ల చివర ఎండ. ధ్వజవీర్ మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే అంద్రెయ చీకట్లోనే ఖాజా మోకాలు పట్టుకున్నాడు.

"వద్దురా. ఆయన పైకొస్తే కింద ఎవలుంటరు?"

ధ్వజవీర్ కాలు వెనక్కి తీసుకున్నాడు. దీపాలు వెలిగేసరికి అంద్రెయ కళ్లు తుడుచుకుంటున్నాడో, బొగ్గుదుమ్ము దులుపుకుంటున్నాడో ఎవరికీ తెలియలేదు.

రిటైరైన కొన్నేళ్లకు అంద్రెయ జ్వరాన పడి, దవాఖానలోనే కన్నుమూశాడు. ఆ తర్వాత బొగ్గు అయిపోయి ఆ బాయినీ మూశారు. మనుషులు చెల్లాచెదురయ్యారు. కొందరు మంచిర్యాల దిక్కు పోయారు. ఎల్లేశాన్ని కొత్తగూడేనికి వేశారు. ఖాజా కమాన్‌పూర్ దగ్గర పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులో పంపు దగ్గరికి వచ్చాడు. వాననీళ్లు చేరితే తోడిపోయాలి, లేకుంటే కూర్చోవాలి. అక్కడ నెత్తిన బండ లేదు. ఇంత ఆకాశం, దాని కింద ఇళ్లంత డంపర్లు, వాటి మోత. పక్కన మనిషి లేడు. కొన్నాళ్లు తనలో తనే కథ నడిపాడు. ఇంట్లో కూడా పెదవులు కదులుతుంటే భార్య షహజాదీ బేగం, "క్యా జీ, కిస్‌సే బాతాఁ కర్‌రైఁ?" అనేది. ఎవరితోనని చెప్పగలడు? ఎవరూ అడగని కథ ఎంతదూరమని నడుస్తుంది? ఎక్కడో బెంగాల్ కింద, తడిమట్టి వాసనలో, ధ్వజవీర్ నిలబడిపోయాడు.

ఖాజాకు యాభై దాటాయి. మొన్న ఎండాకాలంలో ఎల్లేశం బిడ్డ పెళ్లికని కొత్తగూడెం పోయాడు. వడ్డన ఆలస్యమైంది. పందిరి కింద కుర్చీల్లో కూర్చుని ఉంటే గాలి లేచింది. పందిరి గుంజ ఒకటి ఊగింది. పక్కనున్న పడుచు కుర్రవాడు లేచి, గుంజను వేళ్లతో తట్టి, ఎడమచెవి తిప్పి, మెడ వంచి విని, "ఉన్నమయ్యా, నడుస్తున్నం" అని మళ్లీ కూర్చున్నాడు.

ఖాజా తన కుర్చీ అతని వైపు తిప్పుకున్నాడు.

"గా మాట ఎవలు నేర్పిండ్రు బిడ్డా?"

ఆ కుర్రవాడి పేరు వీరేందర్. పెళ్లికూతురికి మేనబావ. ఇక్కడే అండర్‌గ్రౌండులో పని. "మా బాయిల అందరం అంటం కాకా. ధ్వజవీర్ మాట గది" అన్నాడు, నీళ్లు తాగినంత తేలిగ్గా.

"ధ్వజవీర్ ఎవలు?"

"నీకెరుక లేదా? నువ్వూ బాయి మనిషివే అన్నరు! దేశం కింద తిరుగుతడు గదా. పొద్దున ముద్ద తినేముందు ఆయనకింత పక్కకు పెడ్తం. ఆయన దిమ్మె పెట్టిన కాడ బండ పడదు."

"అది బొమ్మల పుస్తకంల కథ బిడ్డా. భుజం మీద మూడు రంగుల పట్టీ ఉంటది. సిపాయి."

వీరేందర్ నవ్వాడు. "పట్టీనా? గది ఎప్పుడో తీసి దెబ్బ తాకినోనికి కట్టు కట్టిండు. బుక్కు గిక్కు ఏం లేదు కాకా, నీకెవలో తప్పు చెప్పిండ్రు. సిపాయి గాదు, మన లెక్క సపోర్టు పని చేసేటోడు. పెద్దమనిషి. తెల్లమీసాలుంటయి. కుడిచెవి వినరాదు."

ఖాజా కుర్చీ అంచు పట్టుకున్నాడు. పట్టీ విప్పి కట్టు కట్టిన సంగతి తను చెప్పలేదు. మీసాలు చెప్పలేదు. చెవి చెప్పలేదు. అతని కథలో ధ్వజవీర్ ఎప్పుడూ పుస్తకంలో ఉన్నట్టే పడుచువాడు. మరి ఈ మనిషిని లోపలికి ఎవరు తెచ్చారు? దూరంగా ఎల్లేశం చుట్టాలకు దండాలు పెడుతూ, చెమటలు తుడుచుకుంటూ తిరుగుతున్నాడు. ఎల్లేశం తెచ్చాడో, మంచిర్యాల పోయినవాళ్లు తెచ్చారో, ఎవరికి వాళ్లు తమ చీకటిలో దీపాలార్పి కూర్చుని తెచ్చారో. కళ్ల ముందు పందిరి, జనం, గంగాళాల మీది ఆవిరి అన్నీ మసకబారి, ఎన్నెన్నో బాయిల్లో ఒకే వేళకు ఆరిపోతున్న దీపాలు కనిపించాయి. ఒక్కోచోట ఒక్కో గొంతు. అన్ని గొంతుల కిందుగా ఒకే మనిషి, మెడ వంచుకుని.

"ఇప్పుడు ఏడిదాక వచ్చిండు?" అని అడిగాడు.

వీరేందర్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, "సముద్రం కింద ఉన్నడు కాకా" అన్నాడు. "దేశం ఒడ్డు కాడ అయిపోతది గదా అని అందరన్నరు. ఆయన ఇనలే. మనోళ్లు చేపలు పట్టేటోళ్లు అండ్లనే ఉంటరాయె, వాళ్ల పడవల కింద ఎవలుండాలె అని పోయిండు." చెప్తూనే ఉన్నాడు. ఆకులు వేశారు, పప్పు వడ్డించారు. ఖాజా అన్నం కలపకుండా, నోరు కొంచెం తెరుచుకుని వింటూనే ఉన్నాడు. ఆ కథ తనదని చెప్పాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. రైలు చక్రాల కింద ఎవరో నడుస్తున్నట్టే ఉంది. నిద్ర పట్టిందో లేదో తెలియకుండానే రామగుండం వచ్చింది.

ఇంటికి పోకుండా నేరుగా అంద్రెయ భార్య రాహేలు ఇంటికి పోయాడు. ఆమె చర్చి వెనక సందులో ఉంటుంది. గడపలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది.

"చిన్నమ్మా, కాక కలిసిండు" అన్నాడు, ఇంకెట్లా మొదలుపెట్టాలో తెలియక.

ఆమె తలెత్తి చూసింది. అతను మెల్లగా అంతా చెప్పాడు. బాయి, చీకటి, పుస్తకం, కొత్తగూడెం పిల్లవాడు, తెల్లమీసాలు, కుడిచెవి. రాహేలు చేతులు ఈనెల మీద ఆగిపోయాయి. ఆమె కళ్లు నిండినాయి గానీ కారలేదు.

"యాడున్నడంటివి?"

"సముద్రం కింద."

"సముద్రమా!" ఆమె ఫక్కున నవ్వింది. నవ్వుతుంటే కన్నీళ్లు అప్పుడు జారాయి. "ఆ మనిషికి నీళ్లంటే ఎంత భయమో నీకెరుకనా? గోదారిల బాప్తిస్మం ఇస్తుంటే పాస్టరయ్య మెడ వట్టుకొని ఇడ్వలే. ఇద్దరు మునిగిండ్రు."

ఖాజా కూడా నవ్వాడు. సందులో పోయేవాళ్లు ఆగి చూసి పోయారు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గడపలో కొంచెం పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది. "కూసో. మరి అన్నం ఏం తింటుండట? మొదటికెళ్లి చెప్పు, నాకు నిమ్మలంగ చెప్పు. ఏ ఒక్కనాడు ఇంటికొచ్చి ఇదంత చెప్పలే మా ఆయన" అంది.

ఖాజా చెప్పులు విడిచి కూర్చున్నాడు. చింతపండు గిన్నె తన వైపు లాక్కుని, ఒక ఈనె తీసి పక్కన పడేసి, మొదలుపెట్టాడు.