చప్పిడి పథ్యం

తాండూరులో జొన్న రొట్టెలు చేసి అమ్మడం నా పని. ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతుంటే అది పల్చగా, గుండ్రంగా సాగాలి. చెయ్యి తడబడితే అంచు పగులుతుంది. అంచు పగిలిన రొట్టె పెనం మీద పొంగదు, పొంగని రొట్టెను కర్ణాటక నుంచి వచ్చే లారీ డ్రైవర్లు ముట్టుకోరు. రొట్టెకు వంకలు పెట్టడంలో వాళ్లు మా అత్తను మించినవాళ్లు.

అలాంటి చేతులు ఒక ఎండాకాలం వణకడం మొదలుపెట్టాయి.

ఎందుకో చెప్పాలంటే ముందు నా రోగం గురించి చెప్పాలి. అంతకు ముందు ఏడాది నాకు బైపోలార్ ఉందని తేలింది. మా అత్త దానికి ‘ఎక్కుడు దిగుడు బీమారి’ అని పేరు పెట్టింది. అంతకంటే సరైన పేరు నాకు ఇంతవరకూ దొరకలేదు. ఎక్కినప్పుడు నాకు నిద్ర అక్కర్లేదు. బస్తా పిండిని ఒక్కదాన్నే రొట్టెలు చేసి బస్టాండులో ఊరికే పంచిపెట్టాను. దౌల్తాబాద్‌లో ఒకటి, నవాబుపేటలో ఒకటి కొట్లు తెరుస్తున్నానని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. వద్దన్న మా ఆయనను నడిబజారులో నానా మాటలు అన్నాను. ‘మస్తు హుషారైంది పిల్ల’ అని మా వీధి నన్ను మెచ్చుకుంది. తర్వాత దిగింది. గోడవైపు తిరిగి పడుకుంటే తల దువ్వుకోవడం కూడా కొండంత పనైంది. మెచ్చుకున్న నోళ్లే అప్పుడు గాలి సోకిందన్నాయి. వాళ్ల నోట్లో మన్ను పడ.

మా ఆయన ఆ మాటలు వినకుండా వికారాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె లిథియం గోలీలు రాసింది. కొన్ని నెలలకు తల కుదురుకుంది. మళ్లీ పొయ్యి ముట్టించాను. నిద్ర పడుతోంది, ఆకలి వేస్తోంది, కోపం వస్తే దానికో కారణం ఉంటోంది. మనిషికి ఇంకేం కావాలి?

మందుతో పాటు చేతుల్లో సన్నని వణుకు వచ్చింది. నేను దాన్ని లెక్కచేయలేదు. మా అత్త చేసింది.

“గంత గట్టి గోలీలు మింగుకుంట ఉప్పు కారం తింటవా బిడ్డా? పత్యెం లేకుంటే మందు ఒంటికి పడ్తదా?” అంది.

“డాక్టరమ్మ మామూలుగనే తినుమన్నది గదత్తా.”

“పెద్ద సదువు సదివింది, చిన్న ముచ్చట మర్చిపోయింది.”

ఆ రోజు నుంచి మా ఇంట్లో చప్పిడి పథ్యం మొదలైంది. పప్పులో ఉప్పు లేదు, చారులో ఉప్పు లేదు, పచ్చడి ఊసే లేదు. నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి పెట్టిందా అంటే అదీ కాదు. తనూ అదే గడ్డి నాతో కలిసి తింది. అంత ప్రేమగా పెడుతుంటే వద్దని ఎలా అంటాను? ఎండలు ముదిరాయి. పొయ్యి ముందు చెమట ధారగా కారేది. వణుకు తగ్గకపోగా పెరిగింది. పెరిగిన కొద్దీ అత్త పథ్యం ఇంకా బిగించింది. చివరికి మజ్జిగలో కూడా ఉప్పు మానేసింది.

ఒకరోజు పొద్దున చేసిన ప్రతి రొట్టే చేతిలోనే చీలిపోయింది. ముద్దను పీటకేసి కొట్టి లేచాను. లేస్తే కాళ్లు తూలాయి, వాంతి అయింది.

మా ఆయన బండల పాలిష్ పనికి బయలుదేరేవాడల్లా ఆగిపోయాడు. “గీ గోలీలు బంద్ చెయ్యి. నీ చేతులే పోతే ఎట్ల బతుకుదువు?” అన్నాడు.

“చేతులు పోతే ఇంకో పని చూసుకుంట. తల పోతే నన్ను చూసుకునుడు నీతోని గాదు,” అన్నాను.

అన్నానే గానీ లోపల ఏడుపొచ్చింది. రొట్టె చేయడం తప్ప నాకు వచ్చిందేముంది? తల కావాలంటే చేతులు వదులుకోవాలా? ఏ దేవుడు పెట్టిన బేరం ఇది?

నేనూ అత్తా అప్పటికప్పుడు రైలెక్కి వికారాబాద్ వెళ్లాం. స్టేషన్ మెట్లు ఆమె నన్ను దాదాపు మోసుకుంటూ దించింది. డాక్టరమ్మ నా నడక చూసి వెంటనే రక్తం తీయించింది. మందు ఒంట్లో మితిమీరి పేరుకుపోయిందని తేలింది.

“ఏం తింటున్నవమ్మా?” అని అడిగింది.

నా బదులు అత్త గర్వంగా చెప్పింది. “పత్యెం జర సుత తప్పలే డాక్టరమ్మా. ఉప్పు రవ్వంత సుత ఏస్తలేను.”

డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. “పెద్దమ్మా, ఆ ఉప్పు మాన్పించుడే కొంప ముంచింది,” అంది. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీలు ఈ మందును బయటికి పోనివ్వవట. చెమట పోస్తే ఇంకా కష్టమట. ఉప్పు రోజూ ఒకే తీరుగా తినాలి, నీళ్లు బాగా తాగాలి, గోలీలు సొంతంగా ఆపకూడదు, పెంచకూడదు. నన్ను అక్కడే ఉంచి సెలైన్ ఎక్కించారు.

మంచం పక్కన అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. “నా చేత్తోనే ఇసం పెట్టిన బిడ్డా.”

“నువ్వు సుత గదే తిన్నవ్ గదా. నాకోసం ఉప్పు మానిన అత్త తాండూర్ల ఇంకెవలకున్నది?” అన్నాను. అత్త నవ్వలేక, ఏడవలేక నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మను అడిగాను. “తలనా, చేతులా? ఒక్కటే దక్కుతదంటే గిప్పుడే చెప్పున్రి.”

“రెండూ దక్కుతయి,” అంది ఆమె. “జర ఓపిక పట్టాలె.”

ఓపిక నా ఒంట్లో లేని సరుకు. అయినా పట్టాను. డాక్టరమ్మ కొన్నాళ్లు మందు ఆపి, మళ్లీ రక్తం చూసి, ఈసారి తక్కువ మోతాదు మొదలుపెట్టింది. ఆ వారాలన్నీ రొట్టెలు అత్తే చేసింది. లారీ డ్రైవర్లు కొట్టు ముందు ఆగి కన్నడంలో “అక్క ఎల్లి?” అంటూ నేనెక్కడని అడిగేవాళ్లట. నేను ఇంట్లో ముద్దలు తట్టడం, చీలితే మళ్లీ కలపడం, తిట్టుకోవడం, మళ్లీ తట్టడం. రోజురోజుకీ చీలికలు తగ్గాయి. పగబట్టినట్టు తట్టాను.

ఒక పొద్దున కొట్టుకు వెళ్లి అత్తను పీట దగ్గర నుంచి లేపాను. చేతుల్లో కాస్త అదురు ఇంకా ఉంది. ఉండనీ అనుకున్నాను. ముద్ద తిరిగింది, సాగింది, అంచు ఎక్కడా విడవలేదు. పెనం మీద వేసి నీళ్ల చెయ్యి రాశాను. తిప్పి వేయగానే రొట్టె మొత్తం ఉబ్బింది.

నేను పకపకా నవ్వాను. ఎంత గట్టిగానంటే రోడ్డు మీద వాళ్లు తిరిగి చూశారు. పనికి పోతూ కొట్టు దగ్గర ఆగిన మా ఆయన మొహం పాలిపోయింది. నా నవ్వంటే ఆ మనిషికి అప్పటికి అంత భయం. “అమ్మా, మళ్ల ఎక్కుతున్నదా ఏంది?” అని గుసగుసగా అడిగాడు.

అత్త పెనం వైపు చూసి, నా మొహం చూసి, కొడుకు భుజం మీద ఒక్కటి వేసింది.

“గది బీమారి నవ్వు గాదురా. రొట్టె పొంగిన నవ్వు. నవ్వనియ్యి.”

నేను ఇంకా గట్టిగా నవ్వి, రెండో ముద్ద పీట మీద పెట్టాను.