పాలు పిండని ఊళ్లో పాడి అప్పులు

ఎనభయ్యో దశకం మధ్యలో, ఒక ఏప్రిల్ నెలలో, నన్ను ప్రెజెంటింగ్ ఆఫీసరుగా నియమిస్తూ ఖమ్మం ప్రాంతీయ కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. బ్యాంకు ఉద్యోగి మీద శాఖాపరమైన విచారణ జరిగేటప్పుడు బ్యాంకు పక్షాన కేసు నడిపేవాణ్ణి అలా పిలుస్తారు. అతను వకీలు కానక్కర్లేదు. సాక్షులను పిలిపించాలి, ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషిని ప్రశ్నించాలి. విని నివేదిక రాసేది విచారణాధికారి, శిక్ష వేసేది ఆయన పైన ఉండే మరొక అధికారి. ఈ పనికి కుదిరిన మనిషిని తోటివాళ్లు ఇష్టపడరు. ఉత్తర్వు వచ్చిన మర్నాడే క్యాంటీన్‌లో నా పక్కన కూర్చునే మిత్రుడు టీ గ్లాసు తీసుకుని వేరే బల్లకు వెళ్లిపోయాడు.

కేసు ఇది. పాల్వంచ దాటి ములకలపల్లి వైపు పోతుంటే అడవి అంచున మా బ్యాంకుకు ఒక చిన్న శాఖ ఉండేది. దాని పరిధిలోని ఒక కోయగూడెంలో పాతిక దాకా కుటుంబాలకు పాడి గేదెల అప్పులు ఇచ్చినట్టు నమోదైంది. కొంత సర్కారు సబ్సిడీ, మిగతాది బ్యాంకు అప్పు. ఈ డబ్బు రైతు చేతికి ఇవ్వరు. పశువులు సరఫరా చేసిన దళారికి నేరుగా చెల్లిస్తారు. రైతు దాన్ని మరో అవసరానికి వాడుకోకూడదని పెట్టిన నిబంధన అది. మేనేజరు, దళారి ఒక్కటైతే మాత్రం ఇక మధ్యలో రైతుతోనూ పని లేదు, గేదెతోనూ పని లేదు. మా తనిఖీ బృందం గూడేనికి వెళ్లి చూస్తే ఒక్క పాడి గేదె కూడా కనబడలేదు.

అప్పులిచ్చిన మేనేజరు చక్రధరరావు అప్పటికే పదోన్నతి మీద ఖమ్మం వచ్చి కూర్చున్నాడు. మాటకారి. గేదెలు కొనిపెట్టాననీ, వాళ్లే అమ్ముకుని తాగేశారనీ చెప్పాడు. అడవి మనుషుల గురించి అలాంటి మాట ఎవరన్నా మా ఆఫీసులో ఇట్టే నమ్మేవారు. దాంతో రెండు పనులు జరిగాయి. అతనికి ‘అప్పు ఇచ్చాక పర్యవేక్షణలో అలసత్వం’ అనే ఆరోపణతో ఒక ఛార్జిషీటు ఇచ్చారు. నిరూపణైతే ఒక ఇంక్రిమెంటు ఆగుతుంది, అంతే. గూడెం వాళ్లకు మాత్రం రికవరీ నోటీసులు, ఆ వెనకే జప్తులు.

మా ప్రాంతీయ మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, మర్యాదగానే మాట్లాడారు. మరీ లోతుకు పోవద్దన్నారు. సిస్టంలోనే లోపం ఉంది, ఒక్క మనిషిని అని ఏం లాభం అన్నారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. సిస్టం ఎప్పుడైనా పెన్ను పట్టుకుని సంతకం చేసిందా? ప్రమోషన్ వచ్చినప్పుడు అది మనిషి ప్రతిభ, డబ్బు పోయినప్పుడు మాత్రం సిస్టం లోపం. సాక్షులతో మాట్లాడటానికి గూడేనికి వెళ్లే అనుమతి కాగితం మీద ఆయన సంతకం తీసుకుని బయటపడ్డాను.

గూడెంలో మొదట కలిసింది సోడెం ముత్తయ్య. మనిషి సన్నగా, మాట తక్కువగా ఉన్నాడు. బ్యాంకు నుంచి వచ్చానని చెప్పగానే ఇంటి ముందున్న ఖాళీ కొట్టం వైపు చెయ్యి చూపించాడు. రికవరీ వాళ్లు రెవెన్యూ మనిషిని వెంటబెట్టుకొచ్చి అతని ఎడ్ల జతను తోలుకుపోయారు. అవి పాల్వంచలో ఒకరి దొడ్లో ఉన్నాయి. జూన్ మొదట్లో వేలం.

“బర్రెలను మేం కండ్ల చూడలే సారూ. బియ్యం కార్డు కోసమని ఏలిముద్ర ఏయించుకున్నరు. ఇప్పుడు ఎడ్లు గుంజుకపోయిన్రు. వాన పడితే దేనితోటి దున్నాలె?” అన్నాడు.

నేను ఫైలు తీసి మళ్లీ చూశాను. వేలిముద్ర అతనిదే. దళారి రశీదు సరిగ్గానే ఉంది. మేనేజరు స్వయంగా గూడెం వెళ్లి గేదెలను చూసినట్టు తనిఖీ నివేదికలు కూడా ఉన్నాయి. ఒక పేద రైతు మాట ఒకవైపు, నిండుగా సంతకాలున్న ఫైలు మరోవైపు. అలాంటప్పుడు ఏది గెలుస్తుందో బ్యాంకులో పని చేసిన ఎవరికైనా తెలుసు. తొలకరి లోపు తేలకపోతే ఆ ఎడ్లు పోయినట్టే. ఆ ఏడు అతని పంట కూడా పోయినట్టే.

ఎండకు తల తిరుగుతుంటే ఆ ఊళ్లోని ఆరోగ్య ఉపకేంద్రం అరుగు మీద కూలబడ్డాను. అక్కడి నర్సు కరుణమ్మ ఖమ్మం దగ్గరి క్రైస్తవ కుటుంబం నుంచి ఉద్యోగానికి వచ్చి, అప్పటికి చాలా ఏళ్లుగా ఆ గూడెంలోనే ఉంటోంది. డికాక్షన్ లాంటి నల్లటి టీ చేతికిచ్చింది. నేను ముదిగొండలో గేదెల మధ్య పెరిగినవాణ్ణి. పాలు లేని టీ గొంతు దిగదు. కాసిని పాలు దొరకవా అని అడిగాను.

ఆమె నవ్వింది. “ఈ ఊర్లో పాలెక్కడియి సార్? ఆవునైనా బర్రెనైనా వీళ్లు పిండరు. గవి దూడ పాలు, మనం తాగొద్దంటరు. నేను గూడ డబ్బా పాల మీదనే బతుకుతున్న.”

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆ గూడెంలో పశువులుండేది దుక్కికి, ఎరువుకు. దూడ నోటి దగ్గరి పాలు తీసుకోవడం వాళ్ల పెద్దల కాలం నుంచీ లేదు. అలాంటి ఊళ్లో మా బ్యాంకు పాతిక ఇళ్లకు పాడి అప్పులు ఇచ్చింది. వీళ్లు అసలు పాలు పిండుతారా అని మా తనిఖీ బృందానికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు. మేమంతా తెల్లారగానే పాలచెంబు చూసి పెరిగినవాళ్లం మరి. గేదె అంటే పాలు, పాలు అంటే అప్పు తీరడం. అంతకు మించి మా బుర్రలు పోలేదు.

అయినా ఒక చిక్కు ఉంది. అప్పు వచ్చాక గూడెం వాళ్లు అలవాటు మార్చుకున్నారని చక్రధరరావు వాదిస్తే? కరుణమ్మనే అడిగాను.

“మారితే ముందుగాల నాకే తెలుస్తది సార్. పోరగాళ్లకు పాలు తాపియ్యుండ్రి, బలమొస్తదని చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. ఒక్క తల్లి గూడ ఒప్పుకోలే. ఆ సంగతి నెలనెలా పై దవాఖానాకు చెప్తనే ఉన్న, తిట్లు తింటనే ఉన్న” అంది. ఖమ్మం వచ్చి ఇదే చెబుతావా అంటే, “అవ్, చెప్తా. నాకేం భయం?” అంది. ఆ క్షణంలో ఆమెకు దండం పెట్టాలనిపించింది.

విచారణ మే నెలలో ఖమ్మంలో మొదలైంది. విచారణాధికారి హైదరాబాదు నుంచి వచ్చిన ముభావి. ఎవరి మొహమూ చూడకుండా మాటలు రాయించుకునేవారు. ఆరోపణ ఎదుర్కొనే ఉద్యోగి తరఫున మాట్లాడటానికి తోటి ఉద్యోగిని ఒకరిని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. చక్రధరరావు అధికారుల సంఘం నాయకుణ్ణే తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఇస్త్రీ మడత నలగకుండా, పెళ్లికి వచ్చినవాళ్లలా కూర్చున్నారు.

వాళ్ల ముందున్నది అలసత్వం ఆరోపణ ఒక్కటే. ‘నేను పర్యవేక్షించాను, చూడండి’ అని చక్రధరరావు నిరూపిస్తే అదీ పోతుంది, ఇంక్రిమెంటు కూడా దక్కుతుంది. ఆ చిన్న దెబ్బ తప్పించుకోవాలనే ఆత్రం అతనికి ఎక్కువగా ఉంది. అదే నాకు కావలసింది. అందుకే అతను తన వాంగ్మూలం ఇచ్చాక, నా వంతు వచ్చినప్పుడు గొంతు పెంచలేదు. గూడేనికి నిజంగా వెళ్లారా అని అమాయకంగా అడిగాను. పలుమార్లు వెళ్లానన్నాడు. గేదెలను కళ్లారా చూశారా? చూశాను. పాలిస్తున్నాయని ఎలా తెలిసింది? నా ఎదుటే పిండారన్నాడు. ఎవరు పిండారంటే, ముత్తయ్య భార్య అన్నాడు. నేను ఇంకా నమ్మనట్టు మొహం పెట్టాను. దాంతో అతనికి పౌరుషం వచ్చింది.

“ఏందండీ, అబద్ధం చెప్తున్ననా? వాళ్లింట్ల కూసొని గడ్డపెరుగు తిన్న. చల్ల తాగిపోండి సారూ అని చెంబెడు మజ్జిగ గూడ ఇచ్చిండ్రు!”

ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా నమోదు చేయమని విచారణాధికారిని కోరాను. చక్రధరరావు చదువుకుని, తృప్తిగా తల ఊపి, కింద సంతకం పెట్టాడు.

తర్వాత ముత్తయ్యనూ అతని భార్యనూ, చివరగా కరుణమ్మనూ పిలిచాను. ముత్తయ్య భార్యకు మజ్జిగ సంగతి చదివి వినిపించగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భయపడిందేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటోంది. “దూడ పాలు మేం తాగుతమా? సుట్టానికి పోస్తమా?” అని మొగుడి వైపు తిరిగి కోయలో ఇంకేదో అంది. ముత్తయ్య కూడా నవ్వాడు. ఆ మాట తెలుగులో చెప్పమని విచారణాధికారి అడిగితే, మర్యాదగా ఉండదని ముత్తయ్య తల అడ్డంగా ఊపాడు.

కరుణమ్మ నిలబడి నిమ్మళంగా చెప్పింది. పాల కోసం తాను ఎన్నేళ్లు పోరిందో, ఏ ఇంట్లో ఏం జవాబు వచ్చిందో, అంతా. అలవాటు మారి ఉండొచ్చు కదా అని సంఘం నాయకుడు అడిగాడు. “మారితే మా ఊరి పిల్లలు గంత బక్కగ ఎందుకుంటరు సార్? వచ్చి చూడుండ్రి” అంది. ఆయన తన కాగితాలు సర్దుకున్నారు. అప్పటిదాకా తలెత్తని విచారణాధికారి మొదటిసారి తలెత్తి చక్రధరరావు మొహంలోకి చూశారు. ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. దాచుకోవడం ఎందుకు, నాకు పట్టరాని సంతోషమేసింది.

అలసత్వం చూపినవాడు ఊరికి వెళ్లడు, అంతే. వెళ్లకుండానే, లేని గేదెను చూశానని, లేని మజ్జిగ తాగానని సంతకం పెట్టినవాడు చేసింది మోసం. ఆ రోజే అదనపు ఛార్జిషీటు కోసం రాశాను. వేలం ఆపమని కూడా రాశాను. చక్రధరరావు మాటలు జతపరిచి పంపితే, సిస్టం లోపం అన్న మా ప్రాంతీయ మేనేజరు సైతం అడ్డు చెప్పలేకపోయారు. మేనేజరు మునుగుతున్నాడని తెలిశాక దళారి తన వాటా ఎంతో తనే వచ్చి చెప్పేశాడు. కేసు పోలీసులకు కూడా వెళ్లింది. చక్రధరరావును ఉద్యోగం నుంచి తీసేశారు. బ్యాంకు నష్టాన్ని అతని గ్రాట్యుటీ నుంచి రాబట్టమని ఉత్తర్వు వచ్చింది. గూడెం అప్పులన్నీ రద్దయ్యాయి. ఇవన్నీ పూర్తి కావడానికి చాలాకాలమే పట్టింది కానీ, ఎడ్లు మాత్రం తొలకరికి ముందే వదిలారు.

వాటిని అప్పగించేటప్పుడు పాల్వంచకు నేనే వెళ్లాను. ముత్తయ్య వాటి వీపు తడిమి, డొక్కలు చూసి, నా వైపు తిరిగాడు. “చిక్కిపోయినయ్ సారూ. మీ బ్యాంకు మేత మంచిగ లేదు” అన్నాడు. అవునన్నాను. అతను ఎడ్లను ముందు పెట్టుకుని, థర్మల్ కాలనీకి పోయే బస్సుల మధ్య నుంచి వాటిని అదిలిస్తూ, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కొంతకాలానికి మా జిల్లా మేనేజర్లలో గూడేలు తిరిగే ఓపిక హఠాత్తుగా పెరిగింది. గ్రాట్యుటీ పోతుందంటే కాళ్లు వాటంతటవే నడుస్తాయి. నా మిత్రుడు కూడా టీ గ్లాసుతో మళ్లీ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

రిటైరయ్యేదాకా ఇలాంటి విచారణలు చాలా నడిపాను. ఈ కేసులో నేర్చుకున్నవే అన్నింటికీ పనికొచ్చాయి. చూశానని సంతకం పెట్టినవాణ్ణి, ఏం చూశావో చెప్పమని అడగాలి. అడ్డు తగలకుండా చెప్పనివ్వాలి. పోయిన డబ్బు ఏ చేతి మీదుగా పోయిందో ఆ మనిషి పేరు తేలేదాకా ఫైలు మూయకూడదు. పేరు రాయకుండా మూసిన ప్రతి ఫైలుకూ ఎక్కడో ఒక కొట్టం ఖాళీ అవుతుంది.