మైదా మామయ్య ఇల్లు

బేకరీ వెనక రెండు గదులు. వాటికీ భట్టీకీ మధ్య ఒకే తలుపు. ఎంత బిగించి మూసినా పిండి ధూళి ఇవతలికి వచ్చి గిన్నెల మీద, దిండ్ల మీద సన్నగా పేరుకుంటుంది. రొట్టెలు చేసే ఆయన్ని వీధి పిల్లలు మైదా మామయ్య అంటారు. కనుబొమలు నెరిశాయో, పిండి పట్టిందో చెప్పడం కష్టం.

ఆయన కూతురికి ఆరేళ్లు. పొట్ట ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండేవి. తిన్నది వంటపట్టేది కాదు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది, పేగులోంచి చిన్న ముక్క తీయించి చూసింది. గ్లూటెన్ పడటం లేదని తేల్చింది. గోధుమల్లో ఉండే ప్రోటీన్ అది. పిండికి సాగే గుణం దానివల్లే వస్తుంది. చాలామంది పిల్లలకు దాంతో ఏ ఇబ్బందీ ఉండదు. ఈ పిల్లలాంటి కొందరికి మాత్రం అది లోపలికి వెళ్తే ఒళ్లు తన పేగు మీదే తిరగబడుతుంది. ఆహారాన్ని పీల్చుకునే సన్నని నూగు దెబ్బతింటుంది. మానేస్తే మెల్లగా కోలుకుంటుంది. వేరే మందు లేదు.

"చిటికెడు కూడా వద్దా అమ్మా?"

"చిటికెడు కూడా వద్దు."

"నేను తుమ్మితేనే చిటికెడు రాలుతుందమ్మా!"

డాక్టరమ్మ నవ్వలేదు.

కొత్త పీట, కొత్త కర్ర, కొత్త గిన్నెలు కొన్నాడు. రెండు వాయిల మధ్య వచ్చి కూతురికి బియ్యప్పిండి రొట్టెలు తనే ఒత్తేవాడు. నెలలు గడిచినా పొట్ట తగ్గలేదు. ఒక మధ్యాహ్నం భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆగండి. ఇప్పుడేం చేశారు?"

"రొట్టె ఒత్తుతున్నా. కనపడటం లేదా?"

"అంతకు ముందు?"

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. ముద్ద అంటుకోకుండా పీట మీద ముందు కాస్త పొడిపిండి చల్లుతారు. ఆ పని బుర్రకు చెప్పకుండా చెయ్యే చేసేస్తుంది. ఆయన చెయ్యి నడుముకు కట్టుకున్న సంచిలోకి వెళ్లి వచ్చింది. సంచిలో ఉన్నది మైదా.

"మీ చేతులకు బుద్ధి లేదు!"

"చేతులకు ఉంది. నాకే లేదు."

ఆ రోజు నుంచి ఆయన్ని వంటగదిలోకి రానివ్వడం లేదు. అయినా ధూళి ఆగదు కదా. వేరే పని వెతికాడు. బట్టల కొట్టు యజమాని ఎగాదిగా చూసి, "నువ్వు కొలిచిస్తే నల్ల గుడ్డ తెల్లగా తేలుతుందయ్యా. రేపు బన్నులు పట్టుకురా, చాలు" అన్నాడు. పైగా బేకరీ మానేస్తే వాళ్లిచ్చిన గదులు ఖాళీ చేయాలి.

చివరికి పిల్లని రెండు వీధుల అవతల పిన్ని ఇంట్లో ఉంచారు. భార్య రోజూ బేకరీ మూశాక వెళ్లి చూసి వస్తుంది. ఆయన సెలవు రోజున వెళ్తాడు. అక్కడే స్నానం చేసి, అక్కడే ఉంచిన చొక్కా తొడుక్కున్నాకే కూతుర్ని దగ్గరికి తీసుకుంటాడు.

మొన్న వెళ్లేసరికి బుగ్గలు నిండి ఉన్నాయి. "నాన్నా, నా పొట్ట చూడు, లోపలికి పోయింది! ఇంక ఇంటికి పోదామా?"

"చెప్పు బావా, అడుగుతోందిగా" అంది మరదలు.

"ఇంకొన్నాళ్లు ఉండు తల్లీ."

"నాకు తగ్గిపోయిందిగా!"

తగ్గకపోయి ఉంటే, తప్పు ఇంటి ధూళిది కాదని తీసుకెళ్లేవాడు. చొక్కా విప్పి, మడత పెట్టి, మరదలి చేతికిచ్చాడు.