ఒకే పథ్యంతో రెండు కళ్ళు

1988లో నేను నరసరావుపేట ప్రభుత్వాసుపత్రి కంటి విభాగానికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ మీద వచ్చాను. విభాగమంటే ఏదో ఊహించుకోవద్దు. ఒక చీకటి గది, కంటిని పెద్దదిగా చేసి చూపించే స్లిట్ ల్యాంపు ఒకటి, వారానికి రెండు పూటలు ఆపరేషన్ థియేటరు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది శుక్లాలవాళ్ళే. శుక్లమంటే కంట్లో పుట్టుకతో ఉన్న లెన్సు ముదిరి మసకబారడం. మేం దాన్ని తీసేసి సోడాబుడ్డి అద్దాలు రాసిచ్చేవాళ్ళం. దాని స్థానంలో కంటి లోపలే ప్లాస్టిక్ లెన్సు అమర్చే పద్ధతి అప్పుడప్పుడే పట్నాల నుంచి మా వైపు వస్తోంది. మంచి పద్ధతే. ఎవరికి చేయకూడదో తెలిసినవాళ్ళ చేతిలో ఉన్నంతవరకూ.

మస్తాన్‌వలీ వినుకొండ బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. వయసు నలభై లోపే. చిన్నప్పటి నుంచీ దూరపు చూపు ఆనదు, అందుకని మందపాటి మైనస్ అద్దాలు. చెమటకి జారే ఆ అద్దాలను ముక్కు మీదికి తోసుకుంటూ నా గదిలోకి వచ్చాడు.

"కంట్లో లెన్సు పెడితే ఇయ్యి పారెయ్యొచ్చంటగా డాక్టరమ్మా?" అన్నాడు.

మందు చుక్కలు వేసి, కంటిపాప విప్పారాక స్లిట్ ల్యాంపులో చూశాను. రెండు లెన్సులూ తేటగా ఉన్నాయి. శుక్లం జాడ కూడా లేదు. అతనికి విడమరిచి చెప్పాను. మైనస్ పవరు ఎక్కువున్న కన్ను మామూలు కన్ను కంటే పొడవుగా ఉంటుంది, వెనకాల ఉండే రెటీనా పొర పలచబడి ఉంటుంది, లోపల చెయ్యి పెడితే అది ఊడివచ్చే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ. పైగా అతను అద్దాలు తీసేసి, గడియారాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని పళ్ళచక్రాలు సరిచేసేవాడు. ఆ దగ్గరి చూపే అతని కూడు. ప్లాస్టిక్ లెన్సుకి దూరానికీ దగ్గరికీ సర్దుకునే గుణం లేదు. దూరానికి అద్దాలు పోయినా, దగ్గరికి కొత్త అద్దాలు వస్తాయి. దీనికోసం బాగున్న కన్ను కోయించుకుంటావా అని అడిగాను. తల ఊపి వెళ్ళిపోయాడు. అర్థమైందనుకున్నాను.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకి పట్నం నుంచి ఒక సర్జను ఆదివారాలు కారులో వచ్చేవాడు. పేరు రాయను. రాస్తే తప్పు అతనొక్కడిదే అనిపిస్తుంది. అతను మస్తాన్ కంట్లోకి టార్చిలైటు వేసి చూసి, శుక్లం మొదలైందని చెప్పాడు. టార్చిలైటుతో! కంటి పొడవు కొలిచి లెన్సు పవరు లెక్కగట్టే యంత్రం అక్కడ లేనే లేదు. ఊరందరి కాళ్ళకీ ఒకే సైజు చెప్పు తొడిగినట్టు, వచ్చినవాళ్ళందరికీ ఒకే పవరు లెన్సు.

ఇక పథ్యం సంగతి. పూర్వం శుక్లం తీశాక కుట్లు వేసేవారు కాదు కాబట్టి రోగిని కదలకుండా పడుకోబెట్టేవారు. కుట్లు వచ్చాయి, ఆ అవసరం పోయింది. జనంలో మాత్రం అది నలభై రోజుల పథ్యంగా స్థిరపడిపోయింది. తలస్నానం చేయకూడదు, చింతపండు ముట్టకూడదు, మాంసం తినకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, పని అసలే చేయకూడదు. ఒక్కో కంటికీ ఒక్కో పథ్యమంటే రెండుసార్లు దుకాణం మూసుకోవాలి. మస్తాన్ భార్య ఖాసింబీ ఆ తరువాత నాతో చెప్పిన మాట ఇది:

"రెండు కళ్ళూ ఒకేపాలి కోపిచ్చుకుంటే ఒకటే పత్తెంతో పోద్ది గదా అని నేనే అడిగానమ్మా. ఆ డాక్టరు కాదన్లా. ఇంకా మంచిదేగా అన్నాడు."

ఆమె అడగడంలో వింత లేదు. పల్నాడులో నన్ను అలా అడగని కుటుంబం అరుదు. ఒప్పుకున్నవాణ్ణి అనాలి. కంటి సర్జరీలో మొదటి పాఠమే అది: ఒక కన్ను చేసి, అది మాని, చూపు తేలాకనే రెండోదాని జోలికి వెళ్ళాలి. ఏదైనా క్రిమి లోపలికి పోతే ఒక కన్నే పోతుంది, రెండోది మిగులుతుంది. ఆ ఆదివారం అతను రెండు కళ్ళూ ఒకే విడతలో, ఒకే ట్రేలోని పరికరాలతో, ఒకే సీసాలోని ద్రవంతో కడిగి కానిచ్చేశాడు. సాయంత్రానికి కారెక్కి వెళ్ళిపోయాడు.

బుధవారం ఉదయం ఖాసింబీ మస్తాన్‌ని చెయ్యిపట్టుకుని నా ఓపీకి తీసుకొచ్చింది. కట్లు విప్పాను. రెప్పలు ఉబ్బిపోయి, రెండు కళ్ళ లోపలా చీము తెల్లగా మట్టం కట్టి ఉంది. టార్చి వేస్తే వెలుతురు ఎటు నుంచి వస్తోందో కూడా చెప్పలేకపోయాడు. నాకు చేతనైన ఇంజక్షన్లు చేసి, నా సొంత పూచీ మీద ఆసుపత్రి జీపులో గుంటూరు పంపాను. కుడికన్ను కుంచించుకుపోయింది. ఎడమకంటికి పగలు, రాత్రి తేడా మిగిలింది.

తరువాతి ఆదివారం నర్సింగ్ హోముకి వెళ్ళాను. ఆ సర్జను మర్యాదగానే కుర్చీ చూపించాడు. వాళ్ళే అడిగారని, సంతకం పెట్టారని, వెయ్యిలో ఒకటి ఎవరికైనా ఇలా జరుగుతుందని చెప్పాడు. షుగరున్నవాడు బెల్లం అడిగితే పెడతారా అని అడిగాను. శుక్లం ముదిరి గుడ్డివాడైనవాడికి వెయ్యిలో ఒకటి చెప్పండి, వాడికి పోయేదేమీ లేదు. చూస్తున్నవాడికి ఆ లెక్క చెప్పడానికి మీకు నోరెలా వచ్చిందన్నాను. నా గొంతు వీధిలోకి వినబడిందట. వినబడనీ. పై అధికారికి రాశాను. అది ప్రైవేటు వ్యవహారం, మన పరిధి కాదని జవాబొచ్చింది. ఆ కారు మాత్రం ఆదివారాలు వస్తూనే ఉంది. ఇన్నేళ్ళ తరువాత ఇది రాస్తున్నా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

కొన్నాళ్ళకి మస్తాన్ అంధత్వ ధ్రువపత్రం కోసం నా దగ్గరికే వచ్చాడు. నేను పరీక్ష చేస్తుంటే అన్నాడు:

"అద్దాలు లేకుండా చేస్తానన్నాడమ్మా. చేశాడు. మాట తప్పలా."

ధ్రువపత్రం మీద సంతకం చేసిచ్చాను.

మసకబారిన కన్నూ, చూస్తున్న కన్నూ ఆపరేషన్ బల్ల మీద ఒకటి కావు. మొదటిదాని విషయంలో ఏమొస్తుందని అడగాలి. రెండోదాని విషయంలో ఏం పోతుందని అడగాలి. ఆ జవాబు రోగికి ముందుగా, మనసుకి పట్టేలా చెప్పలేని డాక్టరు కత్తి పట్టకూడదు. రిటైరయ్యేవరకూ నా థియేటరులో ఎవరికీ రెండు కళ్ళూ ఒకే రోజు చేయలేదు. పథ్యం కోసం నన్ను బతిమాలినవాళ్ళున్నారు, ఈ డాక్టరమ్మకి పొగరని తిట్టుకుంటూ పోయినవాళ్ళున్నారు. వాళ్ళు ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే మెట్లు దిగి పోయారు.