చూశానన్న బొటనవేలు

ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి వెళ్లే సందేశాలు దారిలో పోకుండా చూడటం ఆఫీసులో నా పని. కొత్తగా చేరినవాళ్లకి మొదట చెప్పేది ఒకటే: సందేశం అందగానే "సరే" అని జవాబు పంపొద్దు, పని పూర్తయ్యాకే పంపండి. ముందే పంపేసి తర్వాత ఆ ప్రోగ్రామ్ ఆగిపోతే, అవతలి వైపు పని అయిందనుకుని నిశ్చింతగా ఉంటుంది. మళ్లీ అడగదు.

మొన్న పాపకి జ్వరమని చైల్డ్‌కేర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు ఇంటి నుంచే పనిచేస్తున్న మా ఆయన వెళ్లి తీసుకొచ్చాడు. నేను మీటింగ్‌లోంచే "జ్వరం సిరప్ పట్టు" అని మెసేజ్ పెట్టాను. బొటనవేలి బొమ్మ వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం మా స్టేషన్ పుంగ్గోల్‌లో రైలు దిగి ఇంటికొచ్చేసరికి, మా అమ్మ ఒళ్లో పాప కాలిపోతోంది. ఆయన ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టేసి, కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ నుంచి గంజి తేవడానికి వెళ్లాడట.

"మందు పట్టాడా అమ్మా?"

"ఏమోనే, నేను స్నానానికి వెళ్లాను."

పాపని అడిగాను. "ఆల్రెడీ లా," అంది, అయిపోయిందని, చైల్డ్‌కేర్‌లో నేర్చిన ఇక్కడి ఇంగ్లీషులో. పళ్లు తోముకున్నావా అన్నా అదే అంటుంది.

మందు కొలిచే సిరంజి కడిగి ఆరబెట్టి ఉంది. అమ్మ సింకులో ఏదీ ఉంచదు, ఏది ఎప్పుడు కడిగిందో గుర్తూ ఉండదు. పట్టి ఉంటే ఇప్పుడే మళ్లీ పట్టకూడదు. పట్టకపోతే ఇంకా ఆగకూడదు. ఒకే సందేశం రెండుసార్లొస్తే రెండోదాన్ని వదిలేయమని ప్రోగ్రామ్‌కి చెప్పగలను. పాప కడుపుకి ఎలా చెప్పను? సీసా పట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన గంజితో వచ్చాడు.

"మందు ఎప్పుడు పట్టావు?"

"అయ్యో, కాల్‌లో పడి మర్చేపోయాను."

"మరి ఆ బొటనవేలు?"

"చూశానని పెట్టాను."

"చూస్తే తగ్గుతుందా అల్లుడుగారూ జ్వరం?" అంది అమ్మ.

అప్పటికే సిరంజిలోకి మందు తీస్తున్నాను. పాప మింగేదాకా సిరంజి కింద పెట్టలేదు. నిద్రపోయే వేళకి నుదురు చెమర్చింది. అప్పుడు ఆయనకి చెప్పాను, ఇకమీదట మన ఇంట్లో మింగాకే మెసేజ్ అని.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఆయన నుంచి "తాగింది" అని వచ్చింది. అలవాటుగా బొటనవేలు పెట్టాను. వెంటనే ఫోన్.

"దీనర్థం ఏంటి? చూశావా, నమ్మావా?"

"నమ్మాను," అన్నాను. "అంతా మింగిందా? ఉమ్మలేదుగా?"